సర్వర్ ఆగితే ఫోన్ ఎత్తే అక్క

అక్క పోయిన కబురు నాకు అక్క ఫోన్ నుంచే వచ్చింది. బస్టాండు ఎదుటి హోటల్లో పొద్దున టిఫిన్ చేస్తున్నాను. తెర మీద "అక్క" అని పేరు వెలిగింది. తిట్టడానికే చేసి ఉంటుందనుకున్నాను. ఆమె కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, ఆమె వద్దన్న పని ఒకటి నేను ఆఫీసులో గుట్టుగా చేశాను. అది ఎట్లాగో ఆమె చెవిన పడి ఉంటుంది. ఫోన్ మోగి మోగి ఆగేదాకా ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. రెండోసారి మోగినప్పుడు ఇక తప్పదని ఎత్తితే, అవతల వాళ్లమ్మ.

"బిడ్డా, నీ అక్క పోయింది. తెల్లారంగనే పోయింది."

ఆ మాట విన్న మొదటి క్షణంలో నాకు ఏడుపు రాలేదు. ఇంక తిట్టదు అనిపించింది. రెప్పపాటు కాలమే. ఆ వెంటనే ఏడ్చాను, అదీ నిజమే. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ ఊరటే. ఆమె గురించి నాలుగు మాటలు రాసే పని ఆఫీసులో అందరూ నాకే అప్పజెప్పారు. అందరికన్నా ఎక్కువ కాలం ఆమె పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. రాస్తున్నాను. ఈ సంగతి దాచిపెట్టి రాస్తే ఆమెకు ఇంకొకసారి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇప్పటికి చెప్పినవి చాలు.

ఆమె నాకు తోబుట్టువు కాదు. మా ఆఫీసులో పెద్ద ఇంజనీరు. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా "మీ అక్క ఉన్నదా?" అనే ఫోన్ చేసేవాళ్లు. గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో ఒక మందుల షాపు మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. ఈ చుట్టుపక్కల బొగ్గు, కరెంటు ప్లాంటు బూడిద, సిమెంటు మోసే లారీల సంఘం ఒకటి ఉంది. ఏ బండికి ఎప్పుడు లోడింగు దొరుకుతుందో ఆ వరుసను ఇక్కడ సీరియల్ అంటారు. ఒకప్పుడు డ్రైవర్లు షెడ్డు దగ్గర లైను కట్టి సీరియల్ రాయించుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో బుక్ చేసుకుంటారు. ఆ ప్రోగ్రాం మాది. పొద్దున మొదటి షిఫ్టుకు ఒకసారి, మధ్యాహ్నం రెండో షిఫ్టుకు ఒకసారి సీరియల్ తెరుచుకుంటుంది, తెరుచుకున్న కాసేపట్లోనే నిండిపోతుంది. ఆ కాసేపు, ఆ ప్రోగ్రాం నడిచే మా సర్వర్ నిలబడాలి. అది ఆగిందంటే, కమాన్‌పూర్‌లోనో బసంత్‌నగర్‌లోనో తన బండి పక్కన నిలబడి, తెర మీద తిరుగుతున్న చక్రాన్ని చూస్తున్న డ్రైవరుకు ఆ పూట పని లేనట్టే.

అక్క రాకముందు ఆ సర్వర్‌ను చూసుకునేది నేను. చూసుకోవడం అని మర్యాదకు అంటున్నాను. నేను బొగ్గుబాయిలో పనిచేసినాయన కొడుకును, సెంటినరీ కాలనీలో పెరిగాను. మా బాపు బాయిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీ మిషన్ నడిపేవాడు. బాయిలో ఆయన నేర్చుకున్నదే ఇంట్లోనూ చెప్పేవాడు. "షిఫ్టు మారేటప్పుడు మిషన్ సాఫ్ చేసి అప్పజెప్పాలె. వచ్చెటోనికి మన మురికి ఇయ్యొద్దు." నేను ఆ మాటనే సర్వర్‌కు పట్టించాను. మొదటి షిఫ్టు సీరియల్ తెరుచుకోవడానికి కాస్త ముందు రోజూ దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. మెమరీలో పేరుకున్న చెత్తంతా పోయి, కొత్త షిఫ్టుకు కడిగిన పళ్లెంలా ఉంటుందని నా లెక్క. ఆఫీసులో అందరం బాయి ఇళ్ల పిల్లలమే, ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మెచ్చుకున్నారు. అయినా సర్వర్ పొద్దునా ఆగేది, మధ్యాహ్నమూ ఆగేది. మా ఓనరు మెషీన్‌లో మెమరీ పెంచాడు. ఉన్న మెమరీ అంతా నేను మా ప్రోగ్రాంకే రాసిచ్చాను. అప్పటినుంచి అది ఇంకా ఎక్కువసేపు ఆగడం మొదలుపెట్టింది.

అక్క వచ్చింది అప్పుడే. నలభై దాటిన మనిషి. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద సర్వర్లు చూసి చూసి, ఆ ట్రాఫిక్‌లో ఇంక కూర్చోలేనని వాళ్లమ్మ దగ్గరికి రామగిరి వచ్చేసింది. జుట్టు ముడిలో పెన్ను దోపుకుని, ఆ సంగతి మరిచిపోయి అందరి పెన్నులూ అడిగేది. ఎవరి టిఫిన్ డబ్బా మూత తీసినా మొదటి ముక్క ఆమెదే. తను సర్వపిండి తెచ్చిన రోజు మాత్రం మాకు దొరికేది డబ్బా అడుగున మిగిలిన నువ్వులు. మెచ్చుకోలు ఆమె నోట వినడం అంటే ఎండాకాలంలో వాన. నా పని చూసి "పర్వాలే" అన్న రోజు నేను ఇంటికి మిర్చి బజ్జీలు కొనుక్కుని పోయాను.

వచ్చీ రాగానే ఆమె ఒకే ఒక్క పని చేసింది. మా ప్రోగ్రాం జావా అనే కంప్యూటర్ భాషలో ఉంది. జావా తన మెమరీలో పేరుకున్న చెత్తను తనే ఊడ్చుకుంటుంది. ఊడ్చేటప్పుడు మిగతా పనులను కాసేపు ఆపుతుంది. ఎప్పుడు ఊడ్చింది, ఎంతసేపు ఆపింది అన్నది రాసిపెట్టే లాగ్ ఒకటి ఉంటుంది. మేం దాన్ని ఎన్నడూ తెరవలేదు. ఆమె తెరిపించింది. తర్వాత చాలా రోజులు దాన్ని చదువుతూ కూర్చుంది, ఏదీ ముట్టుకోలేదు. సర్వర్ ఆగుతూనే ఉంది, డ్రైవర్లు తిడుతూనే ఉన్నారు, ఈమె చదువుతూనే ఉంది. "జీతం తీసుకుని పారాయణం చేస్తున్నది" అని మేం వెనక నవ్వుకున్నాం. నవ్వినవాళ్లలో నేనే ముందు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఏదో ఒకటి మార్చి సూద్దాం గద."

"సూడకముందే మారిస్తె, బాగైనా ఎందుకైందో తెల్వది, ఖరాబైనా ఎందుకైందో తెల్వది. జర కూసో."

తర్వాత ఒక మధ్యాహ్నం ఓనరునూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మా ఓనరుకు జావా తెలియదు, పెళ్లి దావత్‌లు బాగా తెలుసు. ఆమె అక్కణ్నుంచే ఎత్తుకుంది.

"సార్, దావత్‌ల బంతులు కూసుంటయి గద. ఒక బంతి తిని లేస్తె విస్తర్లు ఎత్తాలె, ఊడ్వాలె, అప్పుడే ఇంకో బంతి. ఎత్తెదాక అందరు నిలవడాలె. మన ప్రోగ్రాం సుత గంతే. ఒక్కొక్క డ్రైవరు ఫోన్‌ల ఒత్తితె ఇక్కడ ఒక విస్తరి పడ్తది. మీరేం జేసిన్రు? హాలు పెద్దగ కట్టిచ్చిన్రు. బంతి పెద్దగైంది, విస్తర్లు కుప్పలైనయి, ఎత్తెతందుకు ఇంకింత సేపు. బయట నిలవడ్డోళ్లు గేటు ఇరగ్గొడ్తున్నరు."

"మరి హాలు చిన్నగ చెయ్యాల్నా?" అన్నాడు ఓనరు, పెట్టిన ఖర్చు గుర్తొచ్చి.

"కొంత తగ్గియ్యాలె. వంటోళ్లకు జాగ ఉండాలె గద, మీరు పొయ్యి మీద సుత విస్తరేసిన్రు. ఇంకోటి. తిన్నంక లేవకుండ ముచ్చట్లు పెట్టెటోళ్లుంటరు సూడున్రి, వాళ్లను లేపాలె."

వంటవాళ్ల జాగా అంటే మెషీన్ తన సొంత పనులకు ఉంచుకోవలసిన మెమరీ. అది నేను ఉంచలేదు. పాపం మెషీన్ చోటు చాలక సామాన్లు డిస్కు మీదికి మోయడం, మళ్లీ తెచ్చుకోవడంతోనే చచ్చేది. ముచ్చట్లు పెట్టేవాళ్లంటే, సీరియల్ బుక్ అయిపోయినా రోజంతా తెరిచే ఉండే డ్రైవర్ల లాగిన్లు. మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతోందని వాళ్లు గొడవ చేస్తే రోజంతా ఉండేలా పెట్టింది నేనే. అప్పుడే పుట్టి అప్పుడే పనైపోయే చెత్తను జావా చిటికెలో ఊడ్చేస్తుంది. చాలాసేపు అంటిపెట్టుకుని ఉండేవాటిని పాత సామాన్ల వైపు జరుపుతుంది. ఆ వైపు నిండిందా, ఇక అన్నీ ఆపి ఇల్లంతా దులుపుతుంది. మధ్యాహ్నం సీరియల్ వేళకు సరిగ్గా అదే జరిగేది.

పొద్దున ఆగడానికి కారణం వేరే. దాన్ని ఆమె ఓనరు ముందు ఎత్తలేదు. ఆయన వెళ్లాక కుర్చీ నా వైపు తిప్పింది.

"పొద్దుగాల దాన్ని ఆపి లేపుతున్నది నువ్వేనా?"

"అవునక్కా. షిఫ్టు మారేటప్పుడు మిషన్ సాఫ్ చెయ్యాలని మా బాపు అంటడు."

"మీ బాపు మిషన్ తుడిచి ఇచ్చెటోడు. నువ్వు దాన్ని సంపి మళ్ల పుట్టిస్తున్నవ్. ఇప్పుడే పుట్టిన పోరని నెత్తి మీద బస్తా పెడ్తరారా ఎవరన్న?"

జావా ప్రోగ్రాం లేచీ లేవగానే పూర్తి వేగం అందుకోదు. ఏ పని మళ్లీ మళ్లీ వస్తోందో గమనించుకుంటూ దాన్ని కొద్ది కొద్దిగా వేగిరం చేసుకుంటుంది. నేను ఆ వ్యవధి ఇవ్వకుండా, రోజు మొత్తంలో రద్దీ ఎక్కువగా ఉండే వేళకు ముందే దాన్ని పడగొడుతున్నాను. పైగా నేను ఆపగానే అందరి లాగిన్లూ పోయేవి. ఉన్న డ్రైవర్లంతా ఒకేసారి మళ్లీ లాగిన్ కొట్టేవాళ్లు. ఓనరు ముందు ఆ మాట అనకుండా ఆమె నా పరువు కాపాడిందన్న సంగతి ఇంటికి వెళ్లాక గానీ తట్టలేదు.

ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటే మారుస్తూ వచ్చింది. ఒకసారి ఒకటే. మార్చాక కొన్ని రోజులు లాగ్ చదివి, అప్పుడు ఇంకొకటి. నాకు చేతులు దురద పెట్టేవి, అన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అని. ఆమె చేతి మీద కొట్టేది. లాగ్‌లో ఏం చూడాలో నాకు నేర్పింది కూడా అప్పుడే. "ఊడ్వకముందు ఎంత చెత్తుందో సూడకు. ఊడ్చినంక ఎంత మిగిలిందో గది సూడు. రోజు రోజుకు మిగిలేది ఎక్కువైతున్నదంటె, ఎవడో ఏదో పట్టుకోని ఇడుస్తలేడు. వాన్ని పట్టుకోవాలె. మెమరీ ఇంకింత ఇస్తె జబ్బు పోదు, తర్వాత బయటపడ్తది."

సర్వర్ నిలబడింది. ఎన్నడూ ఆగకుండా ఉండే సర్వర్ లేదు కనుక అప్పుడప్పుడూ ఆగేది. అట్లా ఆగినప్పుడు అక్క చేసే పని ఒకటి మాకెవరికీ నచ్చేది కాదు. ఆఫీసు ఫోన్ మోగుతుంటే తనే ఎత్తేది.

మా పద్ధతి వేరు. సర్వర్ ఆగితే ముందు ఫోన్ ఎత్తకూడదు, ఎత్తక తప్పకపోతే నెట్‌వర్క్ ప్రాబ్లం అనాలి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, నీళ్లు పల్లానికి పోయినట్టు వచ్చింది. నెట్‌వర్క్ అంటే ఎవరూ తిరిగి అడగరు, అది ఎవరిదీ కాదు. అక్క వచ్చిన కొత్తలో ఒకసారి తనే మెమరీని మరీ తగ్గించి పెట్టింది. మధ్యాహ్నం సీరియల్ వేళకు చోటు చాలక ప్రోగ్రాం కూలబడింది. కమాన్‌పూర్ నుంచి ఒక కాక ఫోన్ చేశాడు. సొంత బండి తనే నడుపుకునే పెద్దమనిషి, గొంతు పెద్దది. స్పీకరు అక్కర్లేకుండానే గదంతా వినిపించింది.

"కాకా, తప్పు నాదే," అంది అక్క. "నేను ఒక సెట్టింగు మార్చిన. అది ఎదురు తిరిగింది."

"నీ అక్కరకు నా బండే దొరికిందా? పొద్దటిసంది నిలవడ్డ. నా సీరియల్ ఎవడిస్తడు? నువ్విస్తవా?"

ఆయన ఇంకా చాలా అన్నాడు. అన్నీ రాయలేను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది. ఆయాసం వచ్చి ఆగాక ఆయన అడిగాడు, సర్వర్ ఎప్పుడు లేస్తుందని.

"నిజంగ తెల్వది కాకా. ఈ పూటకు దాన్ని నమ్ముకోని కూసోకు. ఇంకో లోడు దొరికితె పో. లేవంగనే నేనే ఫోన్ చేస్త."

ఓనరు లోపలి గది నుంచి వచ్చి నిలబడ్డాడు. "అట్ల ఒప్పుకుంటరామ్మా? రేపు సంఘమోళ్లు పని వేరేటోళ్లకు ఇస్తరు. నెట్‌వర్క్ అని చెప్పరాదు?"

"నెట్‌వర్కు మంచిగనే ఉంది గద సార్. దాని మీదెందుకు నింద? ఆయనకు సంగతి తెలిస్తె ఇంకో పని సూసుకుంటడు. తెల్వకపోతె ఆడనే కూసుంటడు."

ఆ రోజు మాకు ఆమెను చూస్తే సిగ్గేసింది. ఇంత చదువుకుని, ఒక లారీ డ్రైవరుతో అన్ని మాటలు పడుతుందేమిటి, మమ్మల్ని కూడా చులకన చేస్తోంది కదా అనుకున్నాం. టీ తాగేటప్పుడు ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ఆమె అది గమనించిందో లేదో తెలియదు. సర్వర్ లేచాక కాకకు ఫోన్ చేసి చెప్పింది. అవతల ఆయన "మంచిది బిడ్డా" అని పెట్టేశాడు. ఆ సిగ్గును తలుచుకుంటే ఇప్పుడు నాకు ఇంకో సిగ్గు వేస్తోంది. ఇది అంత తొందరగా పోయేది కాదు.

పోయిన ఎండాకాలంలో అక్కకు జబ్బు చేసింది. మొదట కామెర్లనుకున్నారు, తర్వాత అది కాలేయానికి సంబంధించిన పెద్ద జబ్బు అని తేలింది. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ కూడా మధ్యలో ఆఫీసుకు వచ్చేది. రానురాను అదీ మానేసింది. అదే సమయంలో సంఘం వాళ్లు కొత్త పని ఒకటి అడిగారు. డ్రైవర్లు తమ లైసెన్సు, బండి కాగితాలు ఫొటో తీసి ఎక్కించాలి, లోడింగు గేటు దగ్గర వాటిని చూస్తారు. ఆ భాగం నేను రాశాను. ఫొటోలు త్వరగా కనబడాలని వాటిని మెమరీలోనే పట్టి ఉంచాను. ఎక్కించినవన్నీ ఉంచాను. ఒక్కదాన్నీ వదిలే ఏర్పాటు చేయలేదు. గేటు దగ్గర ఫొటో ఒత్తగానే వస్తుంటే అందరూ శభాష్ అన్నారు.

కొన్నాళ్లకు లాగ్‌లో, ఊడ్చాక మిగిలేది రోజు రోజుకూ పెరగడం కనబడింది. ఎవడో ఏదో పట్టుకుని వదలడం లేదు. ఆ ఎవడో నేనే అని నాకు తెలుసు. రాసిన దాన్ని విప్పి సరిచేయాలంటే శభాష్ అన్నవాళ్ల ముందు చెప్పుకోవాలి, పైగా అంత ఓపిక లేదు. పొద్దున సీరియల్‌కు ముందు సర్వర్‌ను ఆపి లేపే పాత అలవాటును మళ్లీ పెట్టేశాను. మెమరీ రోజూ ఖాళీ అయ్యేది, జబ్బు కనబడేది కాదు. పొద్దున కాస్త నెమ్మదిగా లేచేది, డ్రైవర్లు సణిగేవాళ్లు, అంతే. ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రికి చూడబోయినప్పుడల్లా అక్క అదే అడిగేది.

"సర్వరెట్లుందిరా?"

"మంచిగనే ఉందక్కా."

"ఊడ్చినంక ఎంత మిగుల్తుంది?"

"ఎప్పటి లెక్కనే."

చివరిసారి వెళ్లినప్పుడు, పడుకుని పడుకుని తోచడం లేదు, లాగ్ ఫోన్‌కు పంపు, చదువుకుంటాను అంది. ఫైలు పెద్దదైపోయింది, ఫోన్‌కు రాదన్నాను. అది రెండు నిమిషాల పని అని ఆమెకు తెలుసు. నా ముఖం వైపు చూసింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. "సరె తియ్" అని అటు తిరిగి పడుకుంది. వాళ్లమ్మ నాకు ఒక ఆపిల్ కోసి ఇచ్చింది, తిన్నాను. జబ్బుతో ఉన్న మనిషికి ఆఫీసు రందీ బెంగా ఎందుకు పెట్టాలి అని బస్సులో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

ఆమెను సాగనంపిన రోజు రామగిరిలో వాళ్ల సందు నిండా లారీల వాళ్లే. యూనిఫాం చొక్కాల మీదే వచ్చారు. ఎవరో వాళ్లమ్మతో అంటుంటే విన్నాను, "మీ బిడ్డ ఎన్నడు మాతోని దాపరికం పెట్టలె అవ్వా" అని. నేను చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాను. లోపలికి పోలేదు.

ఆమె దినాలు అయిన కొన్ని రోజులకు ఒక పొద్దున నేను భయపడుతూ వచ్చినదే అయింది. ఆ రోజు లోడ్లు ఎక్కువ, డ్రైవర్లు ఎక్కువ. అప్పుడే ఆపి లేపిన సర్వర్ మీద అందరూ ఒక్కసారి పడ్డారు. లాగిన్లే దాటలేదు. తేరుకునేసరికి సగం మంది సీరియల్ పోయింది. ఆఫీసు ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. అక్క కుర్చీ పక్కన, ఫోన్‌కు అందరికన్నా దగ్గరగా ఉన్నది నేను. ఎత్తాను. కమాన్‌పూర్ కాక.

"ఏమైంది బిడ్డా, చక్రమే తిరుగుతున్నది?"

"నెట్‌వర్క్ ప్రాబ్లం కాకా. మా చేతిల లేదు. వచ్చేస్తది."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. గొంతు కూడా తడబడలేదు. కాక తిట్టలేదు. "సరె బిడ్డా, సూస్త" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడు. కాక. చేతిలో కవరు, అందులో డజను అరటిపండ్లు. వచ్చి అక్క టేబులు మీద పెట్టాడు. ఆమె ఫొటో ఇంకా పెట్టలేదు, ఉత్త టేబులే. దాని వైపు చేతులు జోడించి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రోజు నేను ఒడిశాల ఉంటి. సావుకు రాకపోతి. మనసు పట్టక ఇటు వచ్చిన." టీ తెప్పించాను. కొంచెం తాగి అన్నాడు, "పొద్దుగాల సీరియల్ పోయింది. పోతె పోయింది. నెట్‌వర్కుకు నువ్వేం జేస్తవ్ బిడ్డా. అక్క లేక మీరే పరేషాన్ల ఉన్నరు. ఫికర్ చెయ్యకు."

అక్క చేత తిట్లు తిన్నాను, ఓనరు చేత తిన్నాను, బాపు చేత దెబ్బలు తిన్నాను. ఏదీ అంత కొట్టలేదు. గదిలో మిగతావాళ్లు తమ తెరల్లోకి ముఖాలు దూర్చారు.

"కాకా, నెట్‌వర్క్ కాదు," అన్నాను. "నెట్‌వర్క్ మంచిగనే ఉండె. తప్పు నాది."

రీస్టార్టు సంగతి, ఫొటోల సంగతి, అక్కకు చెప్పకుండా దాచిన సంగతి, వరుసగా చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. తిడతాడని ఎదురుచూశాను. ఆ గొంతు నాకు తెలుసు, అది లేస్తే బాగుండుననుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దుగాల బూడిద లోడుకు రమ్మని ఒకడు పిలిసిండు," అన్నాడు నెమ్మదిగా. "నెట్‌వర్కు అన్నవని, ఇప్పుడో అప్పుడో వస్తది అనుకోని పోలే. ఆడనే కూసున్న."

ఆయన లేచి భుజం మీది తువ్వాలు సరిచేసుకున్నాడు. "మీ అక్కయితే నేను అడగకముందే చెప్పేది," అన్నాడు. కోపంగా అనలేదు. టీ బాగుంది అన్నట్టే అన్నాడు. అరటిపండ్ల వైపు చూపించి, "మెత్తగైతయి, జల్ది తినున్రి" అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రమే ఫొటోల పని విప్పి కూర్చున్నాను, రీస్టార్టు తీసేశాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఎప్పుడో చేయవలసింది. కానీ ఆ మధ్యాహ్నం నేను చేసిందల్లా లేచి కిటికీ దగ్గర నిలబడడం. కింద ఆయన ఖాళీ బండి రోడ్డు మీదికి తిరిగింది. వెనక తలుపు గొలుసులు వేలాడుతూ చప్పుడు చేస్తున్నాయి. దాని వెనక రెండో షిఫ్టు డ్యూటీకి పోయేవాళ్ల బండ్లు, ఒక సిమెంటు లారీ, ఒక బస్సు ఆగి హారన్లు కొడుతున్నాయి. కాక బండిని పక్కకు తీసి, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, ముందుకు పొండి పొండి అని ఊపుతూ ఉన్నాడు. ఒక్కొక్కటే ఆయన్ను దాటి వెళ్లిపోయాయి. అన్నీ పోయాక కూడా ఆ చెయ్యి కాసేపు బయటే ఉంది.